ఏడు గింజల ముడి

ఆ పరుపు మూలలో ముడి పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సినవన్నీ ఆలస్యంగా చెప్పడం నాకు అలవాటైపోయింది, ఈ ఒక్కసారైనా ముందు చెబుదామని.

నా పేరు హసీనా. కర్నూలు పాత ఊళ్లో మాకు పరుపుల అంగడి ఉంది. మా ఆయన నిస్సార్ సామాన్ల ఆటో నడుపుతాడు. ఇళ్ల నుంచి పాత పరుపులు తెచ్చేదీ, కుట్టినవి తిరిగి ఇచ్చి వచ్చేదీ ఆయనే. దూది ఏకే మిషన్ దగ్గర ఉండేది నేను, కుట్టేది నేను, అంగట్లో అరిచేది కూడా నేనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. మేము దూదేకులవాళ్లం. మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం, నాయనను నాయనా అనే పిలుస్తాం.

మా నాయన ఉసేనప్ప కోసిగి మనిషి. ఆయన కాలంలో మిషన్ లేదు. తన ఎత్తున్న విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచి తిరిగేవాడు. ఆ విల్లు తంతిని దూదిలో పెట్టి కొయ్య గుండుతో కొడుతుంటే, గడ్డకట్టిన పాత దూది విడివడి మళ్లీ పైకి లేచేది. వీధి మొదట్లో ఆ తంతిని ఒకసారి మోగిస్తే చాలు, ఉసేనప్ప వచ్చినాడని ఆడవాళ్లు పరుపులు వాకిట్లోకి ఈడ్చుకొచ్చేవాళ్లు.

పని దగ్గర ఆయనకు రెండు పట్టింపులుండేవి. ఎవరి దూది వాళ్ల వాకిట్లోనే ఏకాలి, మన ఇంటికి తేకూడదు. అది మొదటిది. పరుపు కుట్టు విప్పే ముందు ఇంటావిడను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టేవాడు. "నువ్వు సూస్తాండు తల్లీ, నేను చేస్తాంటా" అనేవాడు. పొయ్యి మీద సంగటి ఉంది, బర్రె పాలకొచ్చింది అని వాళ్లు విసుక్కున్నా వినేవాడు కాదు. వాళ్లు కూర్చుంటేనే కుట్టుకు కత్తెర పెట్టేవాడు. తాతలు పండుకున్న దూది, బాలింతలు పండుకున్న దూది, అది ఇంకో ఇంటికి పోకూడదంటాడు. దూదికేం తెలుసు నాయనా అని నేను నవ్వేదాన్ని.

రెండోది ముడి. పొలంలో పండిన కొత్త దూదితో పరుపు కుడితే, ఆ పత్తిలోవే ఏడు గింజలు తీసుకుని, చిన్న గుడ్డపేలికలో ఎర్రదారంతో ముడి వేసి, తలవైపు కుడి మూలలో పెట్టి కుట్టేసేవాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు విప్పినా, ఇది ఫలానా ఇంటి దూది అని ఆ ముడిని చూసి తెలియాలంట. ఏడే ఎందుకని అడిగితే, "మా నాయన ఏడు పెట్టేటోడు, నేనూ పెడ్తాండా" అనేవాడు. అంతకంటే గొప్ప కారణం ఆయనకూ తెలియదు.

నాకు పదకొండేళ్లప్పుడు కౌతాళం దగ్గర ఒక పల్లెకు నన్నూ తీసుకుపోయాడు. ఆ ఇంట్లో పరుపు విప్పి దూది దులుపుతుంటే చంటిపిల్లల మొలతాడుకు కట్టే వెండి గజ్జె ఒకటి నా చేతికి దొరికింది. ఇంటావిడ చూడలేదు. నేను దాన్ని పావడా అంచులో దోపుకున్నాను. మరుసటి రోజు ఇంట్లో నేను నడుస్తుంటే అది గలగలమంది. నాయన చెప్పులు వేసుకున్నాడు, నన్ను చెయ్యి పట్టుకుని ఆ ఎండలో ఆరుమైళ్లు నడిపించాడు. వాళ్ల గడప ముందర నన్ను ముందుకు తోశాడు.

"నువ్వే చెప్పు నాయనా" అని ఏడ్చాను.

"నేను చెప్తే అది నా తప్పయితాది మ్మే. నీది నీకాడనే ఉండిపోతాది. ఎవురి తప్పు వాళ్ల నోటితోనే చెప్పుకోవల్ల, వాళ్ల గడపలోనే చెప్పుకోవల్ల."

చెప్పాను. ఆ ఇంటావిడ నవ్వి, నా ఒళ్లో ఇన్ని గుగ్గిళ్లు పోసి పంపింది. తిరిగి వచ్చేదారిలో నాయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాకు చాలా ఏళ్లపాటు గుగ్గిళ్లే గుర్తున్నాయి, మాట గుర్తు లేదు.

కోసిగిలోనే మా ఇంటికి రెండు సందుల అవతల ఈరక్క ఇల్లు. వాళ్లకు రెండెకరాల చేను ఉండేది. వానల్లేక ఏటా పంట ఎండిపోవడం, ఇంటిల్లిపాదీ తాళం వేసుకుని సుగ్గికి, అంటే వేరే జిల్లాలకు కూలిపనికి, పోవడం, ఇదే వాళ్ల బతుకు. ఇరవై ఏళ్ల కింద ఒక్క సంవత్సరం మాత్రం పత్తి విరగకాసింది. ఆ ఏడు సుగ్గికి పోలేదు. ఆ సంబరంలో, అమ్మకం పోను మిగిలిన పత్తితో ఈరక్క పరుపు కుట్టించింది. కుట్టింది నాయనే, నేను పక్కనే ఉన్నాను. గింజలు ఏరి ఇచ్చింది ఈరక్క కొడుకు వీరభద్ర. చేన్లో ఆ పత్తి విడిపించింది కూడా సగం వాడేనని ఆమె పదిమందికి చెప్పుకుంది. తర్వాత ఆ చేను మళ్లీ ఎప్పుడూ అలా పండలేదు.

పోయిన సంవత్సరం ఆ వీరభద్ర బెంగళూరులో కట్టడం పనిచేస్తూ నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పెళ్లయి రెండేళ్లు కాలేదు. భార్య నాగలతకు అప్పుడు రెండో నెల.

ఈ వేసవిలో, మే నెల నడిమధ్యలో, ఈరక్క ఆ పరుపును చుట్టి తాడుతో కట్టి, బస్సులో వేసుకుని, కోసిగి నుంచి మా అంగడికి వచ్చింది. అప్పటికి నాయన మా దగ్గర ఉండబట్టి ఆరేళ్లయింది. మా అమ్మ పోయాక నేనే తెచ్చుకున్నాను. బతుకంతా దూది దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి, కళ్లకు మసక తప్ప ఏమీ ఆనదు. పొద్దున్నే అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ల గొంతులు గుర్తుపట్టడమే ఆయన పని.

ఈరక్క ఆయన పక్కన నేలమీద కూలబడింది. నీళ్లు తాగింది. ఆ తర్వాత చెప్పింది.

"ఉసేనప్పా, నా కోడలికి ఇంగ పదైదు దినాల్లో పురుడు. ఆ బిడ్డ తండ్రి మొగం సూసేది లేదు. ఇది వాని చేత్తో ఇడిపించిన పత్తి. దీంట్ల నుంచే బిడ్డకు ఒక చిన్న పరుపు కుట్టియ్యప్పా. తండ్రి ఎత్తుకోకపోయినా ఆయప్ప ముట్టిన దాని మీదన్నా పండుకుంటాది."

నాయన చెయ్యి చాపి పరుపును తడిమాడు. తలవైపు కుడి మూలకు పోయి ఆగింది చెయ్యి. "ఉండాది" అన్నాడు. ముడి దొరికింది. "ఈరక్కా, నువ్వుండి సూసి పో. నీ ముందర ఏకిస్తా."

"యాడయితాదప్పా! నాగలత ఒక్కతే ఉండాది. మాయిటాల బస్సుకే పోవల్ల, పొద్దు గూకినాక బస్సు లేదు. నువ్వుండావు గదా. నువ్వు సూస్తే నేను సూసినట్లే."

ఆయన కళ్లు చూడలేవని ఆమెకు తెలుసు. అయినా అలా అంది. నాయన ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. చాలా ఏళ్ల తర్వాత ఒకరు పని అప్పజెప్పారు కదా. ఆమె పోయాక నాతో, "మ్మే, దీన్ని కలపొద్దు. మిషన్ కడిగినట్ల తుడ్సి, దీన్నొక్కదాన్నే వెయ్యి. నేను పక్కన కూసుంటా" అన్నాడు. సరే నాయనా అన్నాను. ఆ రోజుకు నా బుర్రనిండా ఇంకో గోల ఉంది. ఒక హాస్టలువాళ్లు అరవై దిండ్లు అడిగారు, జూన్‌లో పిల్లలు చేరేలోగా ఇచ్చెయ్యాలి.

రెండు రోజులకు నాయనకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్పించాం. నేను పొద్దున అక్కడికి జావ తీసుకుపోవడం, మధ్యాహ్నం అంగడికి పరుగెత్తడం, సాయంత్రం మళ్లీ ఆసుపత్రి. ఆ హడావుడిలోనే ఒక మధ్యాహ్నం ఈరక్క పరుపు కుట్టు విప్పాను. నాయన వచ్చేసరికి దులిపి ఉంచుదామనే విప్పాను, అల్లా సాక్షిగా. ముడి తీసి అలమరలో పెట్టాను. దూది మూలన పోశాను. అంతలో ఆసుపత్రి నుంచి ఫోను, ఏదో మందు తెమ్మని. పోయి వచ్చేసరికి నిస్సార్ ఆటో తెచ్చి నిలబెట్టి, దిండ్లు ఏవి, ఏవి అని తొందరపెడుతున్నాడు. నేను ఆయన మీద అరుస్తూ, ఆ కోపంలోనే, నేల మీద ఉన్న దూదినంతా చేతికందినట్టు మిషన్‌లో వేశాను. ఏకింది ఏకినట్టే దిండ్లలో కూరి, మూతులు కుట్టి ఆటో ఎక్కించాను. ఎవరి మీదా నెట్టడానికి లేదు. వేసింది నా చేతులే.

ఆటో పోయాక, నీళ్లు తాగుదామని అలమర తెరిచాను. ముడి కనిపించింది.

అక్కడే నేలమీద కూర్చున్నాను. హాస్టలుకు పరుగెత్తి పోయినా ఏం లాభం? మిషన్‌లో పడిన దూది అరవై దిండ్లలో కలిసిపోయింది. వీరభద్ర విడిపించిన పత్తి ఏ దిండులో ఎంతుందో ఎవరు చెప్పగలరు? ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లలు తలపెట్టుకుని పండుకుంటారు.

అప్పుడైనా ఫోను చేసి ఈరక్కా, తప్పయిపోయింది అని ఉంటే ఈ కథ ఇక్కడే ఆగేది. నేనేం చేశానంటే, అంగట్లో ఉన్నవాటిలో అన్నింటికంటే తెల్లటి కొత్త దూది తీశాను. ఎంతో శ్రద్ధగా ఏకాను. మెత్తటి గుడ్డ తెచ్చి, చిన్న చిన్న కుట్లతో, నా పెళ్లి పరుపు కూడా అంత ముద్దుగా కుట్టుకోలేదు, అలా కుట్టాను. పసిబిడ్డకు పాత దూది కంటే కొత్తదే మంచిది, దుమ్ముండదు అని నాకు నేనే చెప్పుకున్నాను. చివరికి తలవైపు కుడి మూలలో ఆ ఏడు గింజల ముడి పెట్టి కుట్టేశాను. మా తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు వచ్చిన నిజానికి గుర్తు అది. దాన్ని తీసుకుపోయి అబద్ధానికి సీలు వేశాను.

నాలుగో రోజున నాయన ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే, "ఈరక్క పరుపు యామయింది?" అని అడిగాడు.

"అయిపోయింది నాయనా. నువ్వు వచ్చేది ఆలస్యమైతాదని నేనే చేసేసినా. ఒక్కదాన్నే వేసినాలే."

తెమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు నేరుగా మూలకు పోయాయి. గింజలు దొరకగానే నవ్వాడు. ఒక్కొక్కటే లెక్కపెట్టాడు, ఏడూ ఉన్నాయి. ఆ తర్వాత అరచెయ్యి పరుపు మధ్యకు తెచ్చి మెల్లగా నొక్కాడు. ఒకసారి, రెండుసార్లు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నవ్వు పోయింది. నేను దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను, చేతిలో దారమే లేదు.

"ముడి నువ్వే పెట్టినావా?"

"ఊ. నేనే."

"మంచిది" అని పరుపు పక్కన పెట్టాడు.

ఆయనకు తెలియలేదనుకున్నాను. కాదు, తెలియలేదని అనుకోవాలనుకున్నాను. యాభై ఏళ్లు దూదిలో తిరిగిన చెయ్యి అది. రేగడి చేలో పండిన పొట్టి దూదికీ, మిల్లు నుంచి వచ్చిన పొడుగు దూదికీ తేడా తెలియకుండా ఉంటుందా?

ఆ తర్వాత తొమ్మిది రోజులకు గానీ ఈరక్క రాలేదు. ఆ తొమ్మిది రోజులూ, నా అంతట నేనే చెప్పుకోవడానికి నాయన నాకు వాకిలి తీసి పెట్టాడు. టీ తాగుతూ, "ఈరక్క యాపొద్దు వస్తాదంట?" అనేవాడు. నేను రొట్టెలు చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "మ్మే, ఏమన్నా చెప్పేది ఉండాదా?" అనేవాడు. ఒకసారైతే నేను కసురుకున్నాను. "ఏముంటాది నాయనా? నీకు పని ల్యాక ఏదో ఒకటి అడుగుతావు. నాకు ఊపిరి తీసుకునే తీరికన్నా ఉండాదా?" అన్నాను. ఊపిరి ఆడని మనిషితో అన్న మాట అది. ఆయన గోడ పట్టుకుని స్టూలు దగ్గరికి పోయాడు. ఇప్పుడు ఆ గోడ మీద ఆయన చెయ్యి రాసుకున్న నల్లటి చార చూస్తే నా నోరు నాకే అసహ్యమేస్తుంది.

ఈరక్క వచ్చింది. పరుపు చూసి గుండెకు హత్తుకుంది. దూది ఇంత తెల్లగా అయిందేమని అడుగుతుందేమోనని నేను భయపడ్డాను. ఆమె అడగలేదు. మూలలో గింజలు తడిమి చూసుకుని ఏడ్చింది, అంతే. "నీ చేతి పని మారలేదు ఉసేనప్పా" అంది.

"నేను గాదు. హసీనా చేసినాది" అన్నాడు నాయన. నా గొంతు ఏవైపు నుంచి వస్తుందా అని ముఖం ఇటు తిప్పి, "అంతా హసీనానే చేసినాది" అన్నాడు మళ్లీ.

నేను పరుపును చుట్టి తాడు కట్టి ఇచ్చాను. ఈరక్క నా తలమీద రెండు చేతులూ పెట్టి, నీ కడుపు సల్లగుండ అని దీవించి పోయింది.

పది రోజులు పోయాక నాయన, "కోసిగికి పోయి మీ అమ్మ గోరీ కాడ పూలు పెట్టొస్తా" అన్నాడు. ఈ ఎండల్లో, ఈ ఆయాసంతో వద్దంటే వినలేదు. మా చిన్నాన్న కొడుకు బస్టాండుకు వచ్చి దింపుకుంటానంటే బస్సెక్కించాను. మూడోరోజు తిరిగొచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఇంట్లోకి రాగానే నీళ్లడిగాడు. ఒక చెంబు తాగాడు, ఇంకొకటి తాగాడు.

"ఈరక్క కనపడినాదా?" అన్నాను.

"కనపడినాది. మగబిడ్డ. బాగుండాడు."

అంతకుమించి చెప్పలేదు. ఆ రోజు నుంచి నన్ను ఏమీ అడగలేదు కూడా. అమ్మయ్య, మర్చిపోయాడు అనుకున్నాను. మా ఇంట్లో మళ్లీ మామూలుగా ఉంది. అక్టోబరులో ఆయాసం తిరగబెట్టి, ఆసుపత్రికి చేర్చేలోగానే నాయన పోయాడు. ఆయన కోరిక ప్రకారం కోసిగిలో అమ్మ పక్కనే మట్టి చేశాం. ఊరు ఊరంతా వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఆయన ఎప్పుడో పరుపులు కుట్టిన ఇళ్లవాళ్లు కూడా వచ్చారు. ఈరక్క రాలేదు. రెండు సందుల అవతల ఇల్లు! నాకు కోపం నెత్తికెక్కింది. అంత మనిషి పోతే గడప దాటి రాలేకపోయిందా, ఇదేనా విశ్వాసం అని మా ఆడబిడ్డ దగ్గర ఎంతెంత మాటలన్నానో. అన్నాను, సిగ్గులేకుండా అన్నాను.

నలభై దినాల ఫాతిహా కూడా కోసిగిలోనే చేశాం. మా పాత ఇంటి ముందు షామియానా వేసి, వచ్చినవాళ్లకు అన్నం పెడుతున్నాం. నేను పప్పు గరిటెతో వరసలో వడ్డిస్తున్నాను. మా పక్కింటి సుంకులమ్మ, ఎనభై ఏళ్లుంటాయి, విస్తరి ముందు కూర్చుని, నా కొంగు పట్టుకుని మెల్లగా అంది:

"మీ నాయన బంగారమట్లా మనిషి మ్మే. కడాకు ఆ ఒక్క పని చేయకుండ ఉంటే బాగుండు."

"ఏం పనవ్వా?"

"అదే, ఈరక్క దూది. కండ్లు కానరాకున్నా నేనే చేస్తానని చేతబట్టి, యాడనో కలిపేసినాడంట గదా. కలిపేసి, గింజలు పెట్టి మోసం చేసినానని ఆయప్పే వచ్చి చెప్పినాడు. నువ్వు చేసినావని ఈరక్కతో అన్నది గూడా అబద్ధమే అన్న్యాడు. వీధంతా ఇన్నాది. ఈరక్క మన్నెత్తి పోసింది. ఇన్నేండ్లు నమ్మి దూది చేతికిస్తిమే, ఎంతమంది దూది ఇట్ల మార్సినాడో అనుకున్యారు జనం. అనరా మళ్ల?"

గరిటెలో పప్పు నా కాలిమీద పడింది. కాలినట్టు కూడా తెలియలేదు. పక్కన కూర్చున్న వాళ్లు వింటున్నారు. ఇద్దరు తలూపారు, ఒకాయన "పోనీలే, పోయినోళ్లను అనగూడదు" అన్నాడు. అంటే అందరికీ తెలుసు. నాయన మట్టికి వచ్చిన వాళ్లందరూ, ఆయన మోసం చేశాడని తెలిసే, క్షమించి వచ్చారు. ఒక్క ముక్క దూది పక్కింటికి పోనివ్వని మనిషిని జనం జాలిపడి క్షమించారు.

అక్కడే చెప్పవచ్చు. అందరూ ఉన్నారు, నోరుంది, ఎప్పుడూ అరిచే నోరే. గరిటె పట్టుకుని నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో పప్పు అంటే పోయి వడ్డించాను. ఇంతకంటే నా గురించి ఎక్కువ చెప్పడానికి ఏం లేదు.

"నేను చెప్తే అది నా తప్పయితాది" అని నాయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. గుగ్గిళ్లు కాదు, మాట. ఆయన ఆరుమైళ్లు నడిపించి నేర్పిన మాటను నేను మరిచిపోయానని చూసి, తొమ్మిది రోజులు ఎదురు చూసి, చివరికి ఆయనే ఆ గడపకు పోయాడు. నా తప్పును తన నోటితో చెప్పి తనది చేసుకున్నాడు. జీవితంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క అబద్ధం నా కోసం.

విస్తర్లు ఎత్తేశాక, నిస్సార్‌కు కూడా చెప్పకుండా ఈరక్క ఇంటికి పోయాను. మిట్టమధ్యాహ్నం. వాకిట్లో వేపచెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి ఉంది. నాగలత ఊపుతూ ఉంది. ఉయ్యాల తాడుకు చిన్న గుడ్డ మూట, దాని మీద ఎర్రదారం. ఈరక్క గడపలో కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"ఈరక్కా."

"ఏం పనిమీదొచ్చినావు?"

"మా నాయన నీకు అబద్ధం చెప్పినాడు."

చేట ఆగింది.

"దూది కలిపింది నాయన గాదు, నేను. ఆయప్ప ఆపొద్దు ఆసుపత్రిలో ఉండాడు. కలిపినాక ముడి పెట్టి కుట్టింది కూడా నేనే. నువ్వు నా తలమీద చేతులు పెట్టి దీవించినప్పుడు కూడా నాకు తెలుసు. నాయనకు నేను చెప్పలేదు, చేత్తో తెలుసుకున్నాడు. నేను చెప్తానని సూసినాడు. నేను చెప్పలా."

ఇంత చిన్న మాటలే. ఇవి చెప్పడానికి నాకు ఆరునెలలు పట్టింది. తిట్టు, కొట్టు, దుమ్మెత్తి పొయ్యి అని మనసులో వేడుకుంటూ నిలబడ్డాను. ఈరక్క నన్ను చూడటం లేదు. నా కాళ్ల కింద నేలను చూస్తోంది.

"ఆడ నిలబన్నాడు" అంది. "నువ్వు నిలబన్న కాడనే. కట్టె ఊతంగా పట్టుకోని. గింజలు మటుకు మీవే తల్లీ, అవన్నా దాచిపెట్టుకో అన్న్యాడు. నేను పరుపు తీసకపోయి ఆయప్ప కాళ్లకాడ ఇసిరేసినా. నా కొడుకును రెండోసారి సంపితివి గదరా అంటి. ఆయప్ప ఒక్కమాట ఎదురు చెప్పలా. పోయేటప్పుడు, తల్లీ, రోన్ని నీళ్లియ్యి, నోరెండిపోయినాది అన్న్యాడు."

నాగలత ఉయ్యాల ఊపడం మానేసి చూస్తోంది.

"నేనియ్యలా" అంది ఈరక్క. "కడవనిండా ఉన్న్యాయి. నా సేతులార తలుపేసుకున్న్యా. వాడెవడన్నా దోవన పోయేటోడు అడిగినా ఇస్తాం నీళ్లు. ఉసేనప్పకు ఇయ్యలా."

నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ తప్పు నువ్వొచ్చి చెప్పుకుంటివి. నీకు నా గడప ఉండాది, చెప్పుకున్యావు. నా తప్పు నేను యాడికి పోయి చెప్పుకోవల్ల హసీనా? గోరీకాడికి పోయి చెప్తే ఇంటాడా ఆయప్ప?"

బరువు దించుకుందామని వచ్చి, దాన్ని ఆమె నెత్తిన పెట్టాను. నాయన ఆ ఎండలో వచ్చి తన మీద వేసుకున్నది ఇలా ఇంకొకరి మీద పడకూడదనేనేమో. నాకు తెలియదు. ఆయన్ను అడగడానికి లేదు.

ఈరక్క లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. చెంబుతో నీళ్లు తెచ్చి, నా ముందు గడప మీద పెట్టింది.

"తాగు" అంది. "ఇవి మీ నాయనవి."

చెంబు రెండు చేతులా ఎత్తాను. మధ్యలో దించలేదు. అడుగున చుక్క మిగలకుండా తాగాను.